ఎర్ర గీత అవతలి కుంట

2023 సెప్టెంబరులో చిలమత్తూరు మండలంలోని ఒక గోల్ఫ్ కోర్సును తిరగ్గట్టే పని నా చేతికి వచ్చింది. కర్ణాటక సరిహద్దు అక్కడికి కూతవేటు దూరం. జిల్లా పేరు మారింది కానీ నేల అదే అనంతపురం నేల. ఆ ఏడు శ్రావణం పొడిగా పోయింది. దారి పొడవునా శెనక్కాయ చేలు జానెడు కూడా ఎదగకుండా పసుపెక్కి ఉన్నాయి. ఆ చేల మధ్య ఒక కంచె, కంచె లోపల కళ్లు చెదిరే పచ్చదనం. శని, ఆదివారాలు బెంగళూరు నుంచి కార్లలో వచ్చేవాళ్లు ఆడుకునే చోటు అది.

నేను సివిల్ ఇంజనీరును. పాతికేళ్లుగా గోల్ఫ్ మైదానాలకు నీటి ఏర్పాట్లు చేస్తున్నాను. మాది బత్తలపల్లె. కరువు నేలలో పుట్టి బంతి దొర్లడానికి గడ్డికి నీళ్లు పెడుతున్నావా అని నన్ను ఎత్తిపొడవని వాళ్లు మా ఊళ్లో లేరు. నేను ఒకటే జవాబు చెప్పేవాణ్ణి. ఈ మైదానాలు ఎలాగూ ఉంటాయి, వాటి దాహం తగ్గించే పని ఎవరో ఒకరు చెయ్యాలి కదా అని. ఇప్పుడు ఆ జవాబును అంత ధీమాగా చెప్పలేను.

ఈ వృత్తి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. బంతి పడాల్సిన గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డిని గ్రీన్ అంటాం. ఆట మొదలయ్యే చోటు నుంచి గ్రీన్ దాకా ఉండే పచ్చటి దారి ఫెయిర్‌వే. దానికి రెండు పక్కలా మొరటుగా పెంచేది రఫ్. పాత పద్ధతిలో ఇవన్నీ కంచె నుంచి కంచె దాకా తివాచీ పరిచినట్టు ఉండాలి. ఇప్పటి పద్ధతి వేరు. నీళ్లు పెట్టే గడ్డిని ఆట జరిగే చోటికే కుదిస్తాం. రఫ్‌లో ఆ నేలలో దానంతటది మొలిచే బోదగడ్డిని పెరగనిస్తాం. బంకర్లు అనే ఇసుక గుంతల్లో సగం పూడ్చేస్తాం. విల్లాల్లో వాడి వదిలిన నీళ్లను శుద్ధిచేసి గడ్డికి పెట్టి, బోర్లు ఆపేస్తాం. కురిసిన వానను కోర్సు లోపలి చెరువుల్లోనే నిలుపుకుంటాం. ఈ చివరి పనిని జీరో రనాఫ్ అంటారు. అంటే ఒక్క చుక్క కూడా కంచె దాటి పోదు. సభల్లో ఆ మాట చెబితే చప్పట్లు కొడతారు. నేనూ కొట్టించుకున్నాను.

మా డ్రాయింగుల్లో స్థలం హద్దును ఎర్ర గీతతో చూపిస్తాం. సర్వే ఆ గీత లోపలే చేస్తాం, ఒప్పందం కూడా అంతవరకే. గీత అవతల కాగితం తెల్లగా ఉంటుంది. ఆ తెల్ల కాగితంలో ఒక ఊరు ఉందని, ఊరికి ఒక కుంట ఉందని నాకు తెలియకపోలేదు. కానీ దాన్ని గీయమని నన్ను ఎవరూ అడగలేదు.

సర్వే మూడో రోజున, కోర్సు పల్లపు కొసలో వంక కంచె దాటే చోట ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. వంక అంటే వానొచ్చినప్పుడే పారే వాగు. అప్పుడు అందులో ఇసుక తప్ప ఏమీ లేదు. ఆయన భుజాన నిలువెత్తు ఇనుప కడ్డీ ఉంది. పక్కనున్న మా సూపర్‌వైజర్ బాషా, ఆ ఊరివాడే, పరిచయం చేశాడు. పేరు ఓబన్న, ఊరి కుంటకు నీరుగంటి. కుంట తూము తెరవడం, మూయడం, ఏ కయ్యకు, అంటే ఏ మడికి, ఎంతసేపు నీళ్లు పారాలో చూడటం నీరుగంటి పని. తండ్రి నుంచి కొడుక్కు వస్తుంది. భుజాన ఉన్నది తూము కొయ్యను పైకి లాగే కడ్డీ. ఆ కడ్డీ ఎవరింట్లో ఉంటే వాళ్లదే నీళ్ల మీద మాట.

ఒక్క విషయం చెప్పకుండా ముందుకు పోలేను. ఊరంతటికీ నీళ్లు వదిలేది ఓబన్న చెయ్యి. ఆ నీళ్లు ముంచుకునే కడవను ఆ చెయ్యి తాకకూడదు. ఆయన కులం అలాంటిది, ఊరి బుద్ధి అలాంటిది. చదువుకునే రోజుల నుంచి నేను సభల్లో దుమ్మెత్తిపోసింది ఈ బుద్ధినే. అందుకే ఆయన్ను మీరు అని పిలిచాను. ఆయన ఆ పిలుపుకు కొంచెం ఇబ్బంది పడ్డాడు.

"సార్, ఈ వంక మా కుంటకు పోతాది. ఈడ మీరు కట్ట వేస్తారంట గదా?" అని అడిగాడు.

నేను మ్యాప్ తీసి బండ మీద పరిచాను. మీ కుంటకు నీళ్లు వచ్చే ప్రాంతం ఇదంతా, అందులో ఈ కోర్సు, పైనున్న గుట్ట కలిపినా నాలుగో వంతు కూడా లేదు, మిగతా ముప్పాతిక చేలు మీవి మీకే ఉన్నాయి అని వివరించాను. పైగా మేం బోర్లు ఆపేస్తున్నాం కాబట్టి మీ బావుల్లో నీళ్లు పెరుగుతాయన్నాను.

ఆయన మ్యాప్ వైపు చూడలేదు. కోర్సుకు పైన ఉన్న గుట్ట వైపు చూశాడు.

"గంగమ్మ గుట్ట మీంచి దిగొస్తాది సార్. చేన్లలోంచి రాదు. మా నాయన కాలం నుంచీ నేను చూస్తాండా."

గంగమ్మ అన్న మాట నా చెవిన పడింది. ఇక నాకు వేరే ఏమీ వినపడలేదు. సముద్రం, ఆవిరి, మేఘం, గాలి అంటూ అరగంట సేపు ఉపన్యాసం ఇచ్చాను. వానకు దేవత లేదని, ఉంటే ఈ జిల్లా మీద ఇంత పగ ఎందుకని అడిగాను. బాషా నవ్వాడు. ఓబన్న కూడా నవ్వి, చెప్పేవాణ్ణి నొప్పించకూడదన్నట్టు తల ఊపాడు.

"మీరు చదువుకున్నోళ్లు, మీకు తెలుస్తాది. నాకు ఒకటే చెప్పండి. కుంటకు నీళ్లు తక్కువ కాకుండా చూస్తారా?"

"చూస్తాను."

"మాటేనా సార్?"

"మాటే."

ఆ ముసలాయన ఒక్క ముక్కలో చెప్పింది మా శాస్త్రంలో మొదటి పాఠం. గుట్ట బండరాయి. దాని మీద పడిన వాన నిమిషాల్లో కిందికి ఉరుకుతుంది. శెనక్కాయ చేలది ఇసుక నేల. దాని మీద పడిన వానను అదే తాగేస్తుంది. నేల తాను తాగకుండా వదిలే భాగాన్ని మేం రనాఫ్ కోఎఫిషెంట్ అంటాం. ఒక్కో నేలకు ఒక్కో అంకె. జూనియర్లకు ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పానో. ఈ కోర్సుకు నేను రాసిచ్చిన రిపోర్టులో మాత్రం గుట్టకూ చేలకూ కలిపి ఒకే అంకె వేశాను. ఎర్ర గీత అవతల నేల పరీక్షలు ఒప్పందంలో లేవు. విస్తీర్ణం చూశాను, నేలను చూడలేదు. కుంటకు నీళ్లిచ్చేదల్లా ఆ గుట్టే. గుట్ట నీళ్లన్నీ దిగేది కోర్సు గుండా.

నెల తర్వాత ఊళ్లో బడి వసారాలో సమావేశం పెట్టారు. కోర్సు పనులకు ఊరి అభ్యంతరం లేదని పంచాయతీ రాసివ్వాలి. చాలామంది వ్యతిరేకంగానే వచ్చారు. తూము కింద మొదటి కయ్య నారాయణప్పది. ఆయన అందరి ముందూ ఓబన్నను నిలబెట్టి, నీళ్ల సంగతి తెలిసినోడివి నువ్వు, నువ్వేమంటావు అని అడిగాడు. వసారా మెట్ల కింద, ఎండలో నిలబడి ఓబన్న చెప్పాడు.

"సారు మాటిచ్చినాడు. కుంటకు తక్కువ కాదంట."

అంతే. కాగితం మీద సంతకాలయ్యాయి. వాళ్లు నన్ను నమ్మి కాదు, ఆయన్ను నమ్మి పెట్టారు.

2024 వేసవికల్లా పని పూర్తయింది. అక్టోబరులో రెండు రోజులు గట్టి వాన కురిసింది. బాషా పంపిన వీడియోలో కోర్సు చెరువులు మూడూ ఎర్రటి నీళ్లతో నిండుతున్నాయి. ఇంకో వీడియో వంక కంచె దాటే చోటిది. అక్కడ ఇసుక తడిసింది కానీ పారలేదు. ఆ రెండో వీడియోను కనపడినవాళ్లందరికీ చూపించాను. ఒక్క చుక్క దాటలేదు చూడండి, నా లెక్క ఎంత ఖచ్చితమో చూడండి అన్నాను. ఒక సంస్థ ఫలకం కూడా ఇచ్చింది. అది ఇప్పుడు అటక మీద ఉంది.

2025 జనవరిలో బాషా ఫోన్ చేశాడు.

"సార్, మీరొకతూరి రండి. ఓబన్న తాతను ఊరు వెలి పెట్టినంత పని చేసినారు."

అక్టోబరు వానకు వారం ముందు ఓబన్న భార్య చనిపోయిందట. పదకొండు రోజుల మైల. మైల ఉన్నవాడు కుంట కట్ట ఎక్కకూడదని ఊరి కట్టు. ఐదో రోజున మబ్బు పట్టింది. తూము గూటిలో ఎండాకాలంలో పేరుకున్న పూడు మట్టి అలాగే ఉంది. నీళ్లొచ్చాక అది తియ్యలేరు. ఆయన ఎవరికీ చెప్పకుండా దిగి, ఒక్కడే పూడంతా తీసి, తూము నోరు శుభ్రం చేసి వచ్చాడు. ఎవరో చూశారు. మరుసటి రోజు వాన కురిసింది. చుట్టుపక్కల కుంటలన్నిటికీ నీళ్లొచ్చాయి. ఈ కుంటకు రాలేదు.

ఊరికి ఇంకేం కావాలి? మైలతో తూములో దిగినందుకు గంగమ్మ మొహం తిప్పుకుందన్నారు. కడ్డీ తీసుకుని వేరే ఇంటికి ఇచ్చారు. మాఘంలో శాంతికి జాతర చెయ్యాలని నిర్ణయించారు.

ఆ రోజే బయల్దేరాను. ఊళ్లోకి పోలేదు. ముందు గుట్టెక్కాను. పై నుంచి చూస్తే మా మూడు చెరువులు నిండుగా మెరుస్తున్నాయి. కింద కుంటలో నెర్రెలు. గుట్ట దిగి, చేలలో గడ్డపారతో అక్కడక్కడా తవ్వి చూశాను. ఒక్క మధ్యాహ్నంలో అంతా తేలిపోయింది. తేలింది కొత్తదేమీ కాదు, పదహారు నెలల కింద ఓబన్న చెప్పిందే.

కోర్సు మేనేజరుతో తప్పు నాదేనని ఒప్పుకుని, సరిచేసే పథకం వేసిచ్చాను. గుట్ట నీళ్లు చెరువుల్లోకి రాకుండా, కోర్సు అంచు వెంట చుట్టి నేరుగా వంకలో కలిసేట్టు ఒక కాలువ. దాన్ని బైపాస్ ఛానల్ అంటాం. రెండు ఫెయిర్‌వేలు ఇరుకవుతాయి, ఒక చెరువు సగానికి పడిపోతుంది. మేనేజరు చెడ్డవాడు కాదు. మూడు వారాల వాదన తర్వాత ఒప్పుకున్నాడు. ఒక్క షరతు పెట్టాడు. కాలువలో నీళ్లు పారేదాకా ఊళ్లో ఏమీ చెప్పొద్దు. చెబితే కోర్టుకు పోతారు, స్టే వస్తుంది, కాలువా ఆగిపోతుంది. ముందు నీళ్లు పారనిద్దాం, తర్వాత మాట్లాడదాం.

ఆ మాట నాకు సబబుగానే తోచింది. నీళ్లు వస్తే నిజం దానంతటదే తెలుస్తుందనుకున్నాను. నా జీవితంలో అంతకంటే తెలివితక్కువ ఆలోచన చెయ్యలేదు.

మాఘంలో జాతర జరిగింది. మేకల్ని కోశారు. ఓబన్న తడిగుడ్డలతో కట్ట కింద సాగిలపడి, తప్పైందని మూడుసార్లు చెప్పి లేచాడట. కట్ట మీద అడుగు పెట్టనని ఒట్టేశాడట. ఆ వేళ నేను హిందూపురంలో ఒక గదిలో కూర్చుని కాలువ వాలు లెక్క కడుతున్నాను. ఇలాంటి వాటి మీద ఎన్ని వేదికలెక్కి గొంతు చించుకున్నానో. నిజంగా ఒక మనిషి నేల మీద పడుకుని, నా తప్పును తన తప్పుగా ఒప్పుకుంటున్నప్పుడు నా నోరు మూతపడి ఉంది. మూయించింది దేవుడు కాదు, పూజారి కాదు. ఒక షరతు, దానికి తలూపిన నేను.

మే నెలలో కాలువ పూర్తయింది. కంచె లోపల మట్టి యంత్రాలు తిరగడం ఊరివాళ్లకు కొత్త కాదు, ఎవరూ పట్టించుకోలేదు. సెప్టెంబరులో వాన పడింది. గుట్ట నీళ్లు కాలువలో పడి, వంకలో కలిసి, కుంటను నింపాయి. మరవ కూడా పారింది. కుంట నిండి, మిగిలిన నీళ్లు పక్కనుండే రాతికట్టు మీద నుంచి పొర్లిపోవడాన్ని ఇక్కడ మరవ పారడం అంటారు. ఊళ్లో అంతకంటే పెద్ద పండగ లేదు.

షరతు తీరిపోయింది. పరుగున పోయాను. మరవ దగ్గర నారాయణప్ప కొత్త పంచెతో నిలబడి ఉన్నాడు.

"చూసినారా సార్? జాతర చేసినాము, కడ్డీ మార్చినాము, నీళ్లొచ్చినాయి. మీరేమో దేవుడు లేడంటారు."

నేను కాలువ సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు.

"కాలవ తవ్వితే వాన కురుస్తాదా సార్?"

"పోయినేడు కూడా వాన కురిసింది కదా నారాయణప్పా. కురిసినా కుంటకు నీళ్లు ఎందుకు రాలేదు?"

"మేము చెప్పేదీ అదే గదప్పా," అన్నాడు.

నా దగ్గరున్న ఒక్క రుజువూ ఆయన చేతిలోకి పోయింది. కడ్డీ ఓబన్న దగ్గర ఉన్నప్పుడు నీళ్లు రాలేదు, కడ్డీ మారాక వచ్చాయి. ఇంత శుభ్రమైన ప్రయోగం ఏ ప్రయోగశాలలోనూ చెయ్యలేరు. ఆ ప్రయోగాన్ని వాళ్లకు ఏర్పాటు చేసిచ్చింది నేను. నేను కాలువ తవ్వి నీళ్లు తెచ్చిన మరుక్షణం ఓబన్న మీద పడ్డ నింద ఊరి దృష్టిలో రుజువైపోయింది.

ఓబన్న ఇల్లు ఊరి చివర, కుంట కట్టకు అవతల. ఇంటి ముందు రెండు మేకలకు తుమ్మ కాయలు వేస్తున్నాడు. నన్ను చూసి లేచి, మంచం వాల్చాడు. నేను కింద కూర్చున్నాను. పుల్ల తీసుకుని మట్టిలో గుట్ట గీశాను, కోర్సు గీశాను, చెరువులు, వంక, కుంట గీశాను. ఈసారి ఎర్ర గీత లేదు. నీళ్లను ఎక్కడ ఆపానో, ఆయన చెప్పిన మాట నేను ఎలా వినలేదో, ఇప్పుడు కాలువ ఎలా పోతుందో అంతా చెప్పాను.

ఆయన మధ్యలో పుల్ల నా చేతిలోంచి తీసుకుని వంకను సరిచేశాడు.

"ఈడ మలుపు తిరుగుతాది సార్. మీరు తిన్నగా గీసినారు."

అంటే ఆయనకు అర్థమవుతోంది. ఊళ్లో ఎవరికీ అర్థం కానంతగా అర్థమవుతోంది. నాకు ధైర్యం వచ్చింది.

"చూశారా ఓబన్నా? మీ మైలకూ దీనికీ సంబంధం లేదు. తప్పు మీది కాదు, నాది."

ఆయన అదే పుల్లతో, మట్టిలో గీసిన కుంటకు తూము గుర్తు పెట్టాడు.

"మబ్బు పట్టినాది సార్ ఆ పొద్దు. తూములో మోకాలి లోతు పూడు ఉండాది. నీళ్లొస్తే కయ్యలకు యెట్ల పోతాయని దిగినా. ఆమె పోయి ఐదు దినాలు. దిగేటప్పుడు నాకు తెలుసు, దిగకూడదని. తెలిసే దిగినా."

"ఊరి కోసం దిగారు. అందులో తప్పేముంది?"

"మీరు మంచోళ్లు సార్," అన్నాడు. "నన్ను ఓదార్చేకి ఇంత దూరం వచ్చి, నా తప్పు మీ మీద వేసుకుంటాండారు."

నేను ఇంకా వాదించాను. గొంతు పెంచాను కూడా. ఆయన మొదటి రోజు లాగే, చెప్పేవాణ్ణి నొప్పించకూడదన్నట్టు తల ఊపుతూ ఉన్నాడు. నేను చెప్పింది ఆయనకు అబద్ధంగా కాదు, దయగా వినపడింది. అబద్ధమని అంటే దాన్ని రుజువులతో ఎదుర్కోవచ్చు. దయ అనుకుంటే ఏం చెయ్యగలను?

ఈ కేసు నాకు నేర్పింది గంగమ్మ ఉందని కాదు. అలా అనుకునేవాళ్లు ఈ వ్యాసాన్ని మళ్లీ మొదటి నుంచి చదవాలి. వానకు కారణం ఉంది, కుంట ఎండడానికి కారణం ఉంది, ఆ కారణం పేరు నా రిపోర్టులో సంతకంతో సహా ఉంది. నేను నేర్చుకున్నది వేరు. హేతువును వాన రాకముందు చెప్పాలి. జనవరిలోనే ఊరి మధ్యకు పోయి, ఇదిగో నా తప్పు, ఇదిగో కాలువ, ఓబన్న చేతిలోనే కడ్డీ ఉంచండి, ఈసారి వానకు కుంట నిండుతుంది చూడండి అని ఉంటే, సెప్టెంబరు నీళ్లు ఆ ముసలాయన పక్షాన సాక్ష్యం చెప్పేవి. వాన వెలిశాక చెప్పాను కాబట్టి అది ఓదార్పు అయింది. ఇప్పుడు ఏ కోర్సుకు పోయినా వంక కొస నుంచి పని మొదలుపెడతాను. కింద ఊరుందా, కుంటుందా, ఆ నీళ్లు ఎవరు చూస్తారు అని అడుగుతాను. వాళ్ల మాటలో ఏ దేవత పేరున్నా, ఆ పేరు దాటి మిగతా వాక్యాన్ని పూర్తిగా వింటాను. ఊళ్లో నోరు మూసుకోమనే షరతు ఉంటే పని ఒప్పుకోను.

ఆ రోజు సెలవు తీసుకుని లేస్తే, రోడ్డు దాకా తోడొస్తానన్నాడు ఓబన్న. కుంట కట్ట మీదుగా పోతే రోడ్డు పది నిమిషాలు. కట్ట మొదలయ్యే చోట ఆయన ఆగిపోయాడు. మీరు ఇట్ల పోండి సార్, నేను అట్ల వస్తా అని, కట్ట దిగువన బురద కయ్యల గుండా, ముళ్ల కంపలు తప్పించుకుంటూ చుట్టుదారి పట్టాడు. నేనూ మీతోనే వస్తానంటే ఒప్పుకోలేదు, మీ బూట్లు పాడవుతాయన్నాడు. నిండు కుంట పక్కన కట్ట మీద ఒక్కణ్ణే నడిచి రోడ్డెక్కాను. చాలాసేపు నిలబడి, ఆయన వచ్చేదాకా ఎదురుచూశాను.